చెప్పకుండా దాటేసిన మాటలెన్ని?

సంపాదకుల వారికి,

పని చేసే చోట నమ్మకం గురించి మాట వస్తే, పక్కవాళ్లను నమ్మొచ్చా లేదా అన్న దగ్గరే ఆగిపోతాం. వాళ్లు మనల్ని ఎంతవరకు నమ్మొచ్చో మనమే లెక్క తీయవచ్చు. అందుకు ఒక నోటుపుస్తకం, నాలుగు వారాల ఓపిక చాలు.

ఆ నాలుగు వారాలూ ఇచ్చిన ప్రతి మాటా అందులో రాయాలి. పెద్ద పనులు ఎలాగూ గుర్తుంటాయి. జారిపోయేవి "సాయంత్రానికి పంపిస్తా", "కనుక్కుని చెబుతా" లాంటివే. ఎవరికి, ఏమని, ఎప్పటికి అన్నాం, ఎప్పుడు ఇచ్చాం, ఆలస్యమైతే ముందే చెప్పామా అన్నవి రాస్తే చాలు. చివర్లో మూడు రకాలుగా లెక్కపెట్టాలి: సమయానికి ఇచ్చినవి, ముందే చెప్పి ఆలస్యం చేసినవి, ఏమీ చెప్పకుండా దాటేసినవి. మూడోదే అసలు లెక్క. ఆలస్యానికి చాలామంది సర్దుకుంటారు. అడిగితే తప్ప చెప్పని మనిషికి పని అప్పగిస్తే మాత్రం, ఆ పనికి కాపలా కూడా అప్పగించినవాళ్ల నెత్తినే పడుతుంది.

మాట తప్పడానికి చాలాసార్లు కారణం తప్పుడు అంచనాయే. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, సిద్ధాంతవ్యాసం పూర్తిచేయడానికి విద్యార్థులు వేసుకున్న అంచనా సగటున 33.9 రోజులు, నిజంగా పట్టింది 55.5. కాబట్టి గడువు ఊహించి చెప్పకూడదు. పోయినసారి ఇలాంటి పనికి ఎన్నాళ్లు పట్టిందో చూసి ఆ అంకె చెప్పాలి. "ఒకట్రెండు రోజుల్లో" అన్న మాటను పూర్తిగా మానేయాలి. విన్నవారికి అది రేపు, అన్నవారికి ఈ వారంలో ఎప్పుడో.

ఆలస్యం చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. "కాస్త లేటవుతుంది, సారీ" అంటే ఎదుటివారికి ఏ దారీ దొరకదు. ఇలా రాసి చూడండి: "శుక్రవారం ఇస్తానన్న నివేదిక పూర్తికాదు, రెండు పట్టికల్లో లెక్కలు కలవడం లేదు. సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు ఇస్తాను. సరిచూసిన మొదటి భాగం ఇప్పుడే పంపుతున్నాను." కారణం ఒక్క ముక్కలో అయిపోయింది. కొత్త గడువు తెలిసింది. అవతలి పని ఆగకుండా చేతికి ఏదో ఒకటి అందింది. ఈ కబురు గడువు రోజు రాత్రి పెడితే లాభం లేదు, అనుమానం వచ్చిన రోజే పెట్టాలి.

నోటుపుస్తకానికి అందనివీ ఉన్నాయి. 1995లో మేయర్, డేవిస్, స్కూర్‌మన్ అనే పరిశోధకులు నమ్మదగినతనాన్ని మూడుగా విడదీశారు: సామర్థ్యం, ఎదుటివారి మేలు కోరడం, నియమానికి కట్టుబడటం. మొదటి రెండూ మనకు సరిగా కనపడవు, అడిగి తెలుసుకోవాల్సిందే. పై అధికారిని, సాటి ఉద్యోగిని, మన మీద ఆధారపడి పనిచేసే ఒకరిని విడివిడిగా అడగాలి. "నన్ను నమ్ముతారా?" అంటే మొహమాటానికి అవుననేస్తారు. "ఏ పని నాకు ఇవ్వడానికి వెనకాడతారు? నాకు ఇచ్చాక ఎన్నిసార్లు గుర్తుచేయాల్సి వస్తోంది?" అనడగాలి. జవాబు వింటూ సంజాయిషీ మొదలుపెడితే, ఇంకోసారి నిజం చెప్పరు.

రెండు నెలలాగి మళ్లీ నాలుగు వారాలు రాయాలి. సమయానికి ఇచ్చినవి పెద్దగా పెరగకపోయినా నిరుత్సాహపడొద్దు. ముందు తగ్గాల్సింది మూడో లెక్క.

- ఒక పాఠకురాలు