మొత్తానికి వేక్ దాటేశానండోయ్!

అందరికీ నమస్తే. శనివారం లూయిస్‌విల్ లేక్‌లో నా మొదటి వేక్ టు వేక్ జంప్ అయిపోయింది! వేక్‌బోర్డు (పడవ తాడుతో లాగుతుంటే నీళ్ల మీద నిలబడి వెళ్లే బోర్డు) ఎక్కని వాళ్ల కోసం: పడవ వెనక లేచే రెండు అలల్లో (వాటినే వేక్ అంటాం) ఒకదాని మీంచి ఎగిరి, రెండోదాని అవతలి వాలు మీద దిగాలన్నమాట. ఇన్నాళ్లూ మధ్యలో ఆ చదును నీళ్ల మీదే ధబేల్మని పడేదాన్ని. మోకాళ్లు అదిరిపోయేవి.

పడవ స్పీడ్ పెంచామా అని కొందరు అడుగుతున్నారు. లేదు, ఎప్పటిలాగే గంటకు 20 మైళ్లే. అల దగ్గరికొచ్చేకొద్దీ మడమల మీద బరువు పెంచుకుంటూ వెళ్లి, సరిగ్గా అల కొసన మోకాళ్లు చాపి నిటారుగా నిలబడ్డాను. తాడు హ్యాండిల్ నడుముకి ఆనించే ఉంచాను. చేతులు చాచామంటే గాల్లోనే ముందుకు తూలిపోతాం, అదే అసలు చిక్కు.

పడవ నడిపిన అన్నయ్యకి, వీడియో తీసిన వదినకి బోలెడు థాంక్స్. వీడియో కింద పెడుతున్నా, నా అరుపుంది, సౌండ్ తగ్గించుకుని చూడండి.

వచ్చే శనివారం టో సైడ్ (మడమలకి బదులు కాలివేళ్ల మీద బరువు వేసి ఎగరడం) మొదలుపెడతా. నేర్చుకుంటామనే వాళ్లు రండి, లైఫ్ జాకెట్లు అదనంగా ఉన్నాయి. ఈత వచ్చినా సరే, జాకెట్ లేనిదే నీళ్లలోకి దిగనివ్వను.