బూజు కర్రకు పోయే బూజు కాదిది

సంపాదకుడు గారికి,

గోడ మూలన సాలెపురుగు కట్టే గూడును బూజు అంటాం. తడిసిన గోడకు నల్లగా పట్టేదాన్నీ బూజే అంటాం. రెండింటికీ ఒకే మాట ఉండబట్టి నేను ఒకే వైద్యం చేసి దెబ్బతిన్నాను.

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానకు హన్మకొండలో మా ఇంటి కింది గదుల్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. రెండో రోజుకు నీళ్లు తీశాయి, బురద కడిగేశాం, గండం గడిచిందనుకున్నాం. నెల తిరక్కముందే బీరువా వెనక గోడంతా నల్లటి చుక్కలు. బూజు కర్ర తీసుకొని నేనే దులిపేశాను. సంక్రాంతికి చుట్టాలొస్తారని దాని మీదే రంగు వేయించాను. కొన్నాళ్లకే రంగు పొక్కులు లేచి పెచ్చులుగా రాలింది, కింద మచ్చలు ముందుకంటే పెద్దవయ్యాయి. ఆ గదిలో పడుకునే మా మనుమడికి దగ్గు పట్టుకుంది. పిల్లల డాక్టర్ ముందుగా అడిగింది మందుల సంగతి కాదు, ‘ఇంట్లో గోడలకు చెమ్మ ఉందా’ అని.

ఇది దుమ్ము కాదు, శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, తడి దొరికిన చోట మొలుస్తాయి. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే చాలు. పొడిగా దులిపితే ఆ బీజాలన్నీ గదిలోకి లేస్తాయి. నేను చేసిన ఘనకార్యం అదే. మాస్కు కట్టుకొని, సబ్బు నీళ్లలో ముంచిన బట్టతో తుడిచి, బాగా ఆరబెట్టాల్సింది. నీళ్లు తాగిన దూది పరుపును మాత్రం మనసు చంపుకొని పారేయాలి. ఇంకోటి, చాలా ఇళ్లలో బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూం యాసిడ్ కలిపి కడుగుతారు. దాంతో క్లోరిన్ వాయువు పుడుతుంది, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఇళ్లలో చెమ్మ, బూజు గురించి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. బూజు ఇంత ఉంటే పర్వాలేదు అని అందులో ఎక్కడా లెక్క కట్టలేదు, అసలు చెమ్మే నిలవకుండా చూడమంది. మన దగ్గర జరిగేది వేరు. 2023 జూలై వరదల్లో చూశాం, మొన్న మొంథాకూ చూశాం. నీళ్లు తీయగానే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి మోరీల వెంట బ్లీచింగ్ చల్లుతారు. మంచిదే, కానీ వాళ్ల పని గేటు బయటే ఆగిపోతుంది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు కూలిన గోడ ఉందా అని అడిగారు. నిలబడి నానుతున్న గోడకు ఆ కాగితంలో గడి లేదు. ఇటుక గోడ ఒకసారి నీళ్లు పీల్చిందంటే ఆరడానికి నెలలు పడుతుంది, అది ఆరేదాకా పుట్టీ, రంగు ముట్టొద్దని చెప్పే నాథుడే లేడు.

తప్పంతా వరదదే అనీ అనలేం. మా వీధిలో కొత్తగా లేచిన ఇళ్లకు పక్కింటి గోడకూ తమ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు లేదు. పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసే డీపీసీ పొరను ఖర్చు దండగని మానేస్తున్నారు. అద్దెకిచ్చే సింగిల్ రూముల సంగతి మరీ ఘోరం. కిటికీ తెరిస్తే అవతలి గోడ తగులుతుంది, వంటా స్నానం అక్కడే, ఉతికిన బట్టలు ఫ్యాను కిందే. పొడి వేడి ప్రాంతంలో కూడా తలుపులు కాక కిటికీలే గది వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. డెబ్బై అయిదు గజాల లోపు స్థలానికి, ఇళ్ల అనుమతుల కోసం రాష్ట్రం తెచ్చిన ఆన్‌లైన్ విధానం టీఎస్-బీపాస్‌లో రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. పేదవాడికి అది మేలే, నేను కాదనను. కానీ కట్టిన తర్వాత కిటికీ ఉందా లేదా అని ఒక్కరైనా వచ్చి చూడాలి కదా.

కార్పొరేషన్ వారిని నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఈసారి ముంపు వస్తే బ్లీచింగ్ బండితో పాటు ఇల్లు ఎలా ఆరబెట్టుకోవాలో తెలుగులో రాసిన కాగితం ఒకటి ఇంటింటికీ ఇవ్వండి. వార్డు ఆఫీసులో నాలుగు పెద్ద ఫ్యాన్లు పెట్టి, మునిగిన ఇళ్లకు వంతులవారీగా ఇవ్వండి. నష్టం రాసే కాగితంలో ‘గోడ చెమ్మ’ అని ఒక గడి చేర్చండి. రంగు వేసే ముందు చేసే ఒక చిన్న పరీక్ష కూడా జనానికి చెప్పండి. గోడకు ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచాలి. గోడ వైపు నీటి చుక్కలు పడితే గోడ ఇంకా ఆరలేదన్నట్టు. గది వైపు పడితే తడి గాలిలో ఉంది, అప్పుడు కిటికీలు తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోవడం చూసుకోవాలి.

మా ఇంట్లో ఆ కవరు ఇప్పటికీ గోడ వైపే చెమర్చుతోంది. అధికారులు ఎవరైనా వస్తే చూపిస్తాను.

— ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ