షో నడుస్తుంటే ఎగ్జిట్ తలుపులకు తాళాలా?

సినిమా హాళ్లలో ఆట నడుస్తుండగా ఎగ్జిట్ తలుపులకు తాళాలు వేయడం వెంటనే ఆపించాలి. 1811 డిసెంబర్ 26 రాత్రి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జరిగింది చూడండి, నాటకశాలలో కొవ్వొత్తి వెలుగుతుండగానే షాండ్లియర్‌ను, అంటే పైనుంచి వేలాడే కొవ్వొత్తుల దీపాన్ని, తాళ్లతో పైకి లాగేశారు, మంట స్టేజీ తెరలకు అంటుకుంది, దాదాపు 600 మంది ఉన్న ఆ హాల్లో 72 మంది చనిపోయారు, అందులో ఆ రాష్ట్ర గవర్నర్ జార్జ్ విలియం స్మిత్ కూడా ఒకరు. ఎక్కువగా పోయింది ఖరీదైన బాక్సుల్లో కూర్చున్నవాళ్లే, వాళ్లందరికీ ఉన్న దారి ఇరుకు మెట్లు. గ్యాలరీకి వేరే మెట్లుండబట్టి అక్కడివాళ్లు చాలామంది బతికారు. బానిసగా ఉన్న కమ్మరి గిల్బర్ట్ హంట్ కింద నిలబడి, ఒక డాక్టరు కిటికీలోంచి జారవిడిచిన ఆడవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుని కాపాడాడు, ఆయన పేరు అందరికీ తెలియాలి. ఇంత తెలిసీ మా ఊళ్లో ఒక హాల్లో మొన్న సెకండ్ షోకి వెళ్తే పక్క తలుపుకు తాళం, దాని ముందు కూల్‌డ్రింక్ క్రేట్లు! గేట్ కీపర్‌ని అడిగితే టికెట్ లేకుండా లోపలికి దూరతారని అన్నాడు. ప్రతి షోకి ముందు మేనేజర్ అన్ని తలుపులూ స్వయంగా తీసి చూడాలి, ఫైర్ సిబ్బంది చెప్పకుండా వచ్చి తనిఖీ చేయాలి, తాళం కనబడితే ఆ రోజు ఆటలన్నీ ఆపేయాలి.