మాత్రలు ఆపొద్దు బుజ్జీ

బుజ్జీ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలా. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు సరేలే అమ్మా అంటావు, నాకు కోపం వస్తుంది, చెప్పాల్సింది మర్చిపోతాను, అందుకే పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువు కానీ చివరిదాకా చదువు.

నువ్వు చెప్పింది నేను విన్నా. రెండు నెలల టీబీ మందులు అయిపోవచ్చాయి, దగ్గు పోయింది, జ్వరం లేదు, రాత్రి చెమటలు లేవు, 43 కేజీలు ఉన్నదానివి 47కి వచ్చావు. ఆ మాత్రలు చూస్తేనే కడుపులో తిప్పుతోంది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, అందుకని మీ ఆఫీసు అమ్మాయి చెప్పిన ఆ ప్రకృతి వైద్యం క్యాంపుకి పోయి 21 రోజులు పచ్చి రసాలు, మొలకలు, వెల్లుల్లి, మేకపాలతో ఉంటే ఒంట్లో విషమంతా పోతుంది, ఆ తర్వాత మాత్రలు అక్కర్లేదు అంటున్నారు. ఇదే కదా నువ్వు చెప్పింది.

నేను తిండిని తక్కువ చేసే మనిషిని కాదు, నీకు తెలుసు. నెలనెలా రాగిజావ పొడి, మునగాకు పొడి, వేరుశనగ ఉండలు కొరియర్ చేసేది నేనే కదా. జలుబొస్తే మిరియాల కషాయం, బాలింతకి వావిలాకు నీళ్ళు, ఇవన్నీ మా అమ్మ నాకు నేర్పింది, నేను నీకు నేర్పుతా. కానీ టీబీ జలుబు లాంటిది కాదే తల్లీ.

మీ పెద్దమ్మకి చెవులు ఎందుకు వినపడవో నీకెప్పుడూ చెప్పలా. నువ్వు ఊహ తెలిసినప్పటినించీ ఆమె దగ్గర గట్టిగా అరిచి మాట్లాడేదానివి, పుట్టుకతోనే అంతేమో అనుకునుంటావు. 2002లో అక్కకి టీబీ వచ్చింది. అప్పుడు ఇంట్లో ఎవరం ఆ పేరు పలికేవాళ్ళం కాదు, చుట్టాలు అడిగితే నెమ్ము చేసింది అనేవాళ్ళం. మూడు నెలలు మందులు వాడింది, దగ్గు తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. మాత్రలు వేడి చేస్తున్నాయి, అన్నం సయించట్లేదు అని ఏడ్చేది. అప్పుడు నాకెవరో చెప్పారు, ఊరి బయట ఒక పెద్దాయన పసరు ఇచ్చి, పథ్యం చెప్పి మొండి జబ్బులు నయం చేస్తాడని. అక్కని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. మీ పెదనాన్న వద్దన్నా నేనే బతిమాలి ఒప్పించా.

ఆయన చెప్పిన తిండి మంచిదే. మేకపాలు, పెసలు, నువ్వులు, ఖర్జూరం, కోడిగుడ్డు. అక్క నాలుగు నెలల్లో ఒళ్ళు చేసింది, చీర జాకెట్లు పట్టలేదు, మేమంతా దిష్టి తీశాం. ఏడో నెల ఒకరోజు తెల్లారుజామున దగ్గితే రక్తం పడింది. మళ్ళీ పరీక్షలు చేసి, పాత మాత్రలకి ఈ క్రిమి లొంగట్లేదు అన్నారు. మందు మధ్యలో ఆపితే అదే జరుగుతుంది, చావకుండా మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి, వాటిల్లో మందుకి తట్టుకునేవి ఎక్కువవుతాయి. ఇంక వేరే మందులు, దాదాపు రెండేళ్ళు, అందులో కొన్ని నెలలు కనామైసిన్ ఇంజెక్షన్, అది చెవుల్ని దెబ్బతీయొచ్చు. మొదట్లో చెవుల్లో ఏదో ఈల మోగుతోంది అనేది, మేం పట్టించుకోలా. తర్వాత ఒకరోజు కుక్కర్ నాలుగు విజిల్స్ వేసినా అక్క కదల్లేదు. జబ్బు తగ్గింది, వినికిడి మాత్రం తిరిగి రాలా. ఇప్పుడు మొండి టీబీకి కూడా ఇంజెక్షన్ లేని మందులొచ్చాయి, అప్పుడు లేవు. ఆ పెద్దాయన మోసగాడని నేను అనను, డబ్బులు కూడా పెద్దగా తీసుకోలా. ఆయన నమ్మి చెప్పాడు, నేను నమ్మి తీసుకెళ్ళా. ఇరవై ఏళ్ళకి పైనే అయింది, ఇప్పటికీ అక్క ముఖం చూసి మాట్లాడాలంటే నాకు ఇబ్బందే.

అప్పట్లో మందులు వేసుకుంటోందా లేదా చూడ్డానికి ఇంటికొచ్చే ఒకామె ఉండేది. నేను ఆమెతో అన్నా, మేం తిండి ఇంత బాగా పెట్టాం కదమ్మా, మరి ఎందుకిట్టా అయిందని. ఆమె చెప్పింది, జబ్బు తగ్గించేది తిండి కాదు మందే అన్న సంగతి మన మద్రాసులోనే ఎప్పుడో తేల్చారు కదా అని. ఆ తర్వాత నేను కూడా కనుక్కుని చదివా. మందులు లేని రోజుల్లో టీబీకి శానటోరియం అనే ఆసుపత్రిలో ఉంచడమే వైద్యం, మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పాలు గుడ్లు మాంసం. మన తాంబరం శానటోరియం స్టేషన్ పేరు అట్టా వచ్చిందే, అటు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా అదే. 1956లో చెట్‌పెట్‌లో టీబీ పరిశోధన కేంద్రం పెట్టి, మద్రాసులో ఇరుకు ఇళ్ళల్లో ఉండే బీద రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని శానటోరియంలో పెట్టారు, మంచి తిండి, విశ్రాంతి. ఇంకో గుంపు వాళ్ళ ఇళ్ళల్లోనే, వాళ్ళు తినే గంజీ పులుసే తింటూ. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. ఏడాదికి చూస్తే శానటోరియంలో 92 శాతం మందికి జబ్బు అణిగింది, ఇళ్ళల్లో 86 శాతం మందికి. పెద్ద తేడా లేదు. శానటోరియం వాళ్ళు బరువు మాత్రం ఎక్కువ పెరిగారు. దీన్ని చూశాకే ప్రపంచమంతా టీబీకి ఇంట్లోనే ఉండి మందులు వాడొచ్చు అని నమ్మింది. అందుకే చెప్తున్నా, నీ 47 కేజీలు చూసి నాకు ఎంత సంతోషంగా ఉందో అంత భయంగానూ ఉంది, అక్క కూడా ఒళ్ళు చేసిందే.

ఇంకోటి. ఆ క్యాంపులో నీకు ఎవరో ఒకాయన్ని చూపించి ఈయనకి మందుల్లేకుండా టీబీ పోయింది అన్నారన్నావు కదా. ఆయన అబద్ధం చెప్పుండడు. మీ బెంగళూరులోనే నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1959లో పెట్టింది, వాళ్ళు 1961 నుంచి 68 దాకా బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో టీబీ ఉన్నవాళ్ళని చూస్తూ వచ్చారు, అప్పటికి ఆ పల్లెల్లో సరైన వైద్యం లేదు. ఐదేళ్ళలో దాదాపు సగంమంది పోయారు. సుమారు మూడోవంతు మందికి దానంతట అదే తగ్గింది. మిగిలినవాళ్ళు అట్టాగే దగ్గుతూ పక్కవాళ్ళకి అంటిస్తూ ఉన్నారు. ఆ తగ్గిన మూడోవంతులో ఎవరు వెల్లుల్లి తింటే వెల్లుల్లి వల్ల తగ్గింది అంటారు, మేకపాలు తాగితే మేకపాల వల్ల అంటారు. పోయిన సగంమంది వచ్చి సాక్ష్యం చెప్పరు కదా. నా బిడ్డ ఏ వంతులో ఉంటుందో అని చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. ఆరు నెలల మందులు ఒక్కరోజు మానకుండా వేసుకుంటే నూటికి తొంభై మందికి పైగా బాగవుతుంటే నేను ఎందుకు కూర్చోవాలి చెప్పు.

దగ్గు పోయాక కూడా ఇంకా నాలుగు నెలలు ఎందుకు అన్నావు. ఆ క్రిమి చాలా మెల్లగా పెరిగే రకం, మామూలు క్రిములు అరగంట లోపే రెండింతలైతే ఇది ఒకటి రెండవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. చురుగ్గా ఉన్నవి మొదటి రెండు నెలల్లో చస్తాయి, అందుకే నీకు బాగుంది. కొన్ని నిద్రపోతున్నట్టు పడుంటాయి, నివురుగప్పిన నిప్పులా, వాటి కోసమే ఆ నాలుగు నెలలు.

ఇంక తిండి సంగతి. దాని గొప్ప కూడా ఈమధ్యే తేల్చారు, అదీ మన చెట్‌పెట్ సంస్థ వాళ్ళు కలిసి చేసిందే. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా టీబీ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో మిగతావాళ్ళకి నెలకి మనిషికి ఐదు కేజీల బియ్యం, కేజీన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే ఆ ఇళ్ళల్లో కొత్తగా టీబీ వచ్చేవాళ్ళు 39 శాతం తగ్గారు. బియ్యం పప్పు బుజ్జీ, అంతే. రోగుల్లో కూడా, మొదటి రెండు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం పెరిగినవాళ్ళకి చావు ముప్పు బాగా తగ్గింది. నువ్వు 9 శాతం పెరిగావు, నేను లెక్కేసి చూశా. కానీ ఆ రోగులంతా మందులు వేసుకుంటూనే తిన్నారు, ఒక్కరు కూడా మందు బదులు తిన్నవాళ్ళు కాదు. మీ క్యాంపు వాళ్ళు చెప్పే పచ్చి రసాలతో ఉన్న బరువు కూడా పోతుంది, ఈ జబ్బుకి కావాల్సింది పప్పు, గుడ్డు, పెరుగు, అన్నం. ఒళ్ళు పెరగాలి, ఉపవాసాలు పనికిరావు. గవర్నమెంటు నీ అకౌంట్లో నెలకి వేసే వెయ్యి రూపాయలు నాకెందుకు అని వదిలేశావు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కో, పీజీలో వాళ్ళు పెట్టే నీళ్ళ సాంబారుతో నీకేం బలం వస్తుంది.

మందులు నిన్ను బాధపెడుతున్నాయంటే నేను కాదనను, ఓర్చుకో అని కూడా చెప్పను. మోకాళ్ళ నొప్పికి ఎక్కువగా కారణం నీ మాత్రల్లో ఉండే పైరజినమైడ్, అది యూరిక్ యాసిడ్ పెంచుతుంది. అది మొదటి రెండు నెలలే. ఈ వారం మారే ప్యాక్‌లో ఉండదు, డాక్టరమ్మని అడుగు. నువ్వు ఆపాలనుకుంటున్నది ఎట్టాగూ ఆపేస్తున్నారు కదా! వికారానికి కొంచెం ఏదైనా తిని వేసుకోవచ్చా అని అడుగు. ఒంటేలు నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్ల, దానికి భయపడకు. కాళ్ళు చేతులు తిమ్మిర్లు రాకుండా బీ6 ఇస్తున్నారు, అదీ విటమినే, మానొద్దు. కానీ కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకైనా, రంగులు తేడాగా కనిపించినా అదే రోజు ఆసుపత్రికి పో, నాకు ఫోన్ తర్వాత చెయ్యి. ఆ పసర్లు, కషాయాల పొడులు అసలే వద్దు, ఈ మాత్రలు లివర్ మీద భారం, పైన ఇంకోటి వెయ్యకు, కరోనా టైంలో తిప్పతీగ రసం రోజూ తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి ముంబై డాక్టర్లు రాశారు. ఇంకో సంగతి, సూరై చేప, అదే ట్యూనా, నీ మాత్రల్లో ఉండే ఐసోనియాజిడ్ వేసుకుంటూ తింటే ఒళ్ళంతా ఎర్రబడి గుండె దడ రావచ్చు, ఈ నాలుగు నెలలు దాని జోలికి పోకు.

ఇంతా రాశాక ఒకటి అడగాలి. పోయిన నెల నేను వచ్చినప్పుడు నీ మాత్రలు మేకప్ పౌచ్‌లో, కాటుక డబ్బా కింద దాచిపెట్టి ఉండటం చూశా. నీ రూమ్మేట్ బాత్రూంలో ఉన్నప్పుడు గబగబా మింగావు. నీకు నిజంగా కష్టమైంది వికారమా, లేక ఇట్టా దాచడమా? పెళ్ళి సంబంధాలకి అడ్డమని మీ అత్తయ్య ఏదో అన్నదని కూడా నాకు తెలుసు. ఆమెతో నేను మాట్లాడేశా, ఇంక ఆ మాట ఎత్తదు. అక్కప్పుడు నెమ్ము అని దాచి దాచి మేం ఎవర్నీ సలహా అడగలేకపోయాం, అడిగుంటే ఆ పెద్దాయన దాకా పోయేవాళ్ళమే కాదేమో. మందులు వాడుతున్నావు కాబట్టి ఇప్పుడు నీ వల్ల అంటుకునే భయం కూడా దాదాపు లేనట్టే, డాక్టరమ్మ నా ముందే చెప్పింది. ఆ రూమ్మేట్‌కి నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తా.

శుక్రవారం బృందావన్ రైలెక్కుతున్నా, మధ్యాహ్నానికి వచ్చేస్తా. పెద్దమ్మ కూడా నాతో వస్తానంటోంది, నేనేం అడగలా, తనే సంచీ సర్దుకుంది. కందిపొడి, ఎండు నెత్తళ్ళు, నువ్వుల ఉండలు తెస్తున్నాం. ఒక వారం ఉంటాం, ఆసుపత్రికి కలిసే వెళ్దాం, కొత్త ప్యాక్ తీసుకుందాం, కఫం పరీక్ష కూడా చేయించుకుందాం. క్యాంపుకి కట్టిన అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోతే పోనీ, ఆ డబ్బు నేనిస్తా.

రేపు పొద్దున మాత్రలు వేసుకున్నాక ఖాళీ స్ట్రిప్ ఫోటో తీసి నాకు పంపు. ఎల్లుండి కూడా.

అమ్మ