హెల్మెట్టుకు రంగు వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 15 మర్నాడు మీ జిల్లా పేజీలో వచ్చిన ఫొటో చూశాను. ఒక బడిలో బల్ల మీద పాత మిలట్రీ హెల్మెట్టు పెట్టి, దానికి బంతిపూల దండ వేసి, పిల్లలు చుట్టూ నిలబడ్డారు. హెల్మెట్టుకి తళతళలాడే వెండి రంగు పూశారు. ముందు భాగంలో మూడు రంగుల జెండా బొమ్మ కూడా వేశారు. కింద 'యుద్ధవీరుడి శిరస్త్రాణం' అని ఉంది. ఏ వీరుడో, ఏ యుద్ధమో లేదు. మీ విలేకరి తప్పు అనను, అడిగినా చెప్పేవాళ్ళు అక్కడ ఉండి ఉండరు. కానీ నాకు మనసు చివుక్కుమంది. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

రాజోలు దీవిలో ఒక లంక ఊరికి 38 ఏళ్ళు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశాను. మిలట్రీలో ఉన్నవాళ్ళ ఉత్తరాలు, మనియార్డర్లు అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళేవి. వాటి మీద ఊరి పేరుకి బదులు ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు, నంబరు ఉండేది. 56 ఏపీఓ అంటే పడమటి వైపు, 99 ఏపీఓ అంటే తూర్పు వైపు. అంతకు మించి మనిషి ఎక్కడున్నాడో కవరు చెప్పదు. కానీ నంబరు, హోదా, యూనిట్టు మాత్రం వెనకాల ఉండేవి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాగా ఇంటికొకరు పటాలంలో చేరిన ఊరు కాదు మాది. ఉన్నది అయిదారుగురే.

వాళ్ళలో పెద్దాయన సుబేదారు గారు. సైన్యంలో ఇంజినీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేశారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర ట్యాంకులకు దారి ఇవ్వడానికి మందుపాతరలు తీసిన దళంలో ఉన్నారు. ఆ సంగతి ఆయనగా ఎత్తేవారు కాదు. ఆయనకున్న పిచ్చి వేరే, హెల్మెట్లు పోగుచెయ్యడం. రిటైరై వచ్చాక సైకిలేసుకుని సఖినేటిపల్లి, మలికిపురం, అంతర్వేది దాకా తిరిగి, పాత మిలట్రీ వాళ్ళ ఇళ్ళల్లో టీ తాగి, అటక మీద ఉన్నదేదైనా ఉంటే అడిగి తెచ్చుకునేవారు. మొత్తం ఆరు పోగయ్యాయి. సాయంత్రం కట్ట బట్వాడా అయ్యాక వాళ్ళ అరుగు మీద కూర్చుంటే ఒక్కోటీ తీసి చూపించి, ఇది ఫలానా ఆయనది, ఇది ఇలా వచ్చింది అని గంటలకొద్దీ చెప్పేవారు. నేను వినేవాణ్ణి. జేబులో ఎప్పుడూ పెన్ను ఉండేది, ఉద్యోగమే రాతకోతలది. అయినా ఒక్క ముక్క రాసుకోలేదు. ఆయనా రాయలేదు, అంతా బుర్రలోనే.

మూడేళ్ళ క్రితం ఆయన పోయారు. ఆయన కాగితాలేమైనా ఉన్నాయా అంటే, డిశ్చార్జి పుస్తకంతో సహా ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ 86 వరదలో ముద్దయిపోయాయి. ఆ ఆగస్టులో మా లంక మీద నీళ్ళు ఎంతెత్తున నడిచాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కాగితం పోయింది, ఇనుము మిగిలింది. కొడుకులు హైదరాబాదులో. ఇల్లు అమ్మకానికి పెట్టారని తెలిసి, పాత సామాన్లు కొనే అతనొకడు వచ్చి ఆరింటికీ కలిపి అయిదు వేలిస్తానన్నాడు. పెద్దబ్బాయి నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, మీకేమైనా కావాలంటే తీసుకోండి, లేకపోతే ఇచ్చేస్తాం" అన్నాడు. ఆటో కట్టించుకుని వెళ్ళి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాక మొదలైంది నాకు టెన్షన్. ఏది ఎవరిది?

ఒక నోటుబుక్కు తీసుకుని పేజీకి నిలువుగా గీత గీశాను. ఎడమ వైపు 'చెప్పింది', కుడి వైపు 'చూసింది'. విన్న మాట కుడి వైపుకి రాకూడదు, అంతే నియమం. ఎడమ వైపు ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాశాను. రిజిస్టరు ఉత్తరానికి రసీదు లాంటిది.

మొదటిది అంచు వెడల్పుగా, బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది. లండన్‌లో ఉండే బ్రాడీ అనే ఆయన 1915లో చేసిన నమూనా నుంచి వచ్చిన రకం. సుబేదారు గారి నాన్నగారిది, బర్మా యుద్ధంలోది అని అబ్బాయిలు చెప్పారు. నాకూ అదే గుర్తు. సుబేదారు గారి భార్యని అడిగితే నవ్వారు. "ఆయ్, మా మావగారిదేనండి. నేను కాపరానికి వచ్చేటప్పటికే ఉంది. దాంట్లో కోడిపిల్లలకి నూకలు పోసేదాన్ని" అన్నారు. ఆవిడ కాపరానికి వచ్చింది 1965లో. అంటే అప్పటికి సుబేదారు గారు పోగుచెయ్యడం మొదలే పెట్టలేదు, కాబట్టి ఇది బయటి నుంచి వచ్చింది కాదు, ఆ ఇంటిదే. కోడిపిల్లల నూకలు అంత సాక్ష్యం చెప్తాయని నేను అనుకోలేదు.

దాని వెనక అంచుకి మూడు చిల్లులున్నాయి. నీళ్ళు కారడానికి ఎవరో పొడిచారనుకున్నాను. కాదట. దక్షిణాఫ్రికాలో తయారైన వాటికి ఫ్యాక్టరీలోనే వెనక మూడు చిల్లులు వేసేవారు. ఆ రకం ఎక్కువగా ఈజిప్టు, లిబియా ఎడారుల్లో పోరాడిన దళాలకు అందింది. మరి బర్మా ఎక్కడిది? మళ్ళీ అమ్మగారి దగ్గరికే వెళ్ళాను. పూజ గదిలో కుంకుమ భరిణె పక్కన ఆరు కోణాల ఇత్తడి రంగు నక్షత్రం ఒకటి ఉంది, రోజూ బొట్టు పెడతారు. బొట్టు తుడిచి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే 'ది ఆఫ్రికా స్టార్' అని ఉంది. ఉత్తర ఆఫ్రికాలో చేసినవాళ్ళకు ఇచ్చిన పతకం. సుబేదారు గారి నాన్నగారు తర్వాత బర్మా కూడా వెళ్ళి ఉండొచ్చు, కాదనను. ఎడమ వైపు బర్మా అనే ఉంచాను, కుడి వైపు మూడు చిల్లులూ, నక్షత్రమూ రాశాను. రెండూ ఉంటాయి.

ముందు చిన్న ఇనప నక్షత్రం ఉన్న జపాను వాళ్ళది ఒకటి ఉంది. కాకినాడ మీద 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులేశాయి కదా, అప్పుడు దొరికిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. విమానం నుంచి పదాతి సైనికుడి హెల్మెట్టు ఎలా పడుతుందండీ? అదీ ఎడమ వైపే.

ఇంకో మాట. ఆరింటిలో నాలుగు బ్రాడీ రకానివే, వాటికి నడినెత్తిన ఒక్కటే స్క్రూ. అది విప్పితే లోపలి అస్తరు మొత్తం ఊడి చేతికొస్తుంది. శుభ్రం చేద్దామని నాలుగూ ఒకేసారి విప్పితే ఏ అస్తరు దేనిదో దేవుడికే ఎరుక. అంచు కింద, గడ్డం పట్టీ తగిలించే చోట, తయారీదారు ముద్ర, సంవత్సరం ఉంటాయి. అస్తరు మీద వేరే ముద్ర ఉంటుంది. రెండూ సరిపోతున్నాయా అన్నదే అసలు సంగతి. గరుకు కాగితంతో రుద్దితే, పైన వెండి రంగు పూస్తే ఆ ముద్రలు పోతాయి. మీ ఫొటోలో హెల్మెట్టుకి ముద్ర ఉండే ఉంటుంది, ఇప్పుడది రంగు కింద ఉంది. ఇక పిల్లల నెత్తిన పెట్టించి ఫొటోలు తియ్యడం మానేస్తే మంచిది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కొన్నిటి అస్తరులో ఆస్బెస్టాస్ ఉందని బ్రిటన్‌లో బడులను హెచ్చరించారు.

మాది ఉప్పు గాలి, తుప్పుకి తోడు కావాలా! పొడి బట్టతో తుడిచి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నేల మీద కాకుండా బల్ల మీద పెడుతున్నాను. ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపల చెమట పడుతుంది. చీటీని బంకతో అంటించకుండా, నాడాతో పట్టీకి కట్టాను. చీటీ మీద పెన్సిలు రాతే.

వీటిని మ్యూజియానికి ఇవ్వొచ్చు కదా అంటారు. రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, ఇవ్వాలనే నా కోరిక. కానీ చరిత్ర తెలియని ఇనపటోపీ ఇస్తే వాళ్ళు మాత్రం కింద ఏం రాసుకుంటారు? చాలా ఇళ్ళల్లో అసలు నోరు విప్పరు. హెల్మెట్టు సర్కారు సొత్తు, దిగేటప్పుడు అప్పజెప్పాలి, ఇంట్లో ఉందంటే ఎవరేమంటారోనని భయం. ఎలా వచ్చిందో దాచేసి, ఆఖరికి ఎవరిదో కూడా మర్చిపోతారు. జిల్లా సైనిక సంక్షేమ అధికారులు ఆ భయం పోయేలా ఒక్క ప్రకటన ఇస్తే ఎన్ని అటకలు దిగుతాయో. మీరు ఫొటో వేసినప్పుడు పేరు, నంబరు, యూనిట్టు అడిగి వేయండి, తెలియకపోతే తెలియదని వేయండి.

ఇప్పుడు అసలు పని. ఆరింటిలో నీలం రంగుది ఒకటుంది, ఐక్యరాజ్యసమితి దళం వాళ్ళది. "గాజా నుంచి వచ్చినాయన ఇచ్చాడు" అన్నది తప్ప అమ్మగారికి ఏమీ తెలియదు. లోపల తోలు పట్టీ మీద ఊదారంగు చెరగని పెన్సిలుతో తెలుగులో 'వె' అని ఉంది, పక్కన 'మలికి' దాకా కనిపిస్తోంది, మిగతాది చెమటకి అలుక్కుపోయింది. అలాంటి పెన్సిళ్ళు నా తరం తపాలా వాళ్ళందరికీ తెలుసు, తడి తగిలితే చెయ్యంతా ఊదా అయ్యేది. గాజాలో ఐక్యరాజ్యసమితి దళంలో ఉన్న మనవాళ్ళ కోసం మన తపాలా శాఖ 1965లో 'యూఎన్ఈఎఫ్' అని పైన ముద్ర కొట్టిన స్టాంపు ఇచ్చింది. మలికిపురం చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనైనా ఆ స్టాంపు ఉన్న పాత కవరు ఉంటే, స్టాంపు చింపకుండా, కవరు వెనక పంపినవాళ్ళ పేరు 'వె'తో మొదలవుతుందేమో చూసి మీ పత్రికకి ఒక కార్డు ముక్క రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
రాజోలు దీవి, కోనసీమ