ముందు మీటరు పోవాలి, తర్వాతే మనిషి

సంపాదకులకు నమస్కారం.

ఓడల్లో ఇంధనం నింపేటప్పుడు తనిఖీకి సెన్సార్లు, డ్రోన్లు వస్తున్నాయని పోయిన వారం మీ పత్రికలో వార్త వేశారు. టైం కలిసొస్తుందని, నూనె లెక్క పక్కాగా తేలుతుందని రాశారు. ఆ ట్యాంకు మూత తీసే మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక మనసు ఒప్పక రాస్తున్నాను.

సముద్రం లేని కల్వకుర్తిలో కూర్చున్నవాడికి ఓడల గొడవ ఎందుకు అనుకోవద్దు. మా తమ్ముడు గల్ఫ్‌లో ఒక రేవులో ఈ పనే చేస్తాడు. అర్ధరాత్రయినా సరే, ఊగే బార్జ్ (నూనె తెచ్చే పడవ) మీది నుంచి తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కాలి. నూనె పోయకముందు ఒకసారి, పోసినాక ఒకసారి ప్రతి ట్యాంకు పైపు మూత తీసి, వంగి, టేపు దించి కొలవాలి. ఆ నూనెలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండొచ్చు. మొదట కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తుంది. గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన పోయింది, ఇక భయం లేదనుకున్నవాడే పడిపోతాడు. పోయిన ఎండాకాలం మావాడు అట్లాగే పడ్డాడు. పక్కవాళ్ళు ఇవతలికి లాగబట్టి బతికాడు. గ్యాస్‌ను పసిగట్టే, అంగీకి తగిలించుకునే డిటెక్టర్ ఇచ్చారు గానీ, దానికి కాలిబ్రేషన్ (సరిగ్గా చూపిస్తుందో లేదో సరిచూసి దిద్దడం) చేయించి ఏడాది దాటిందట!

సింగపూర్‌లో 2017 జనవరి 1 నుంచి ఓడ నూనెకు మాస్ ఫ్లో మీటర్లు తప్పనిసరి చేశారు. పైపులో ఎంత పోయిందో మీటరే చెబుతుంది. అది తెచ్చింది కొలతల తగాదాలు తీర్చడానికి. నూనె కోసం చూపిన పట్టుదల మనిషి ప్రాణం కోసం ఎందుకు చూపరు? ట్యాంకులోనే సెన్సార్ ఉంటే మూత తీసే పని తగ్గుతుంది. మనిషి కదలకుండా పడిపోతే తనంతట తానే కంట్రోల్ రూముకు అలారం పంపే డిటెక్టర్లు బజారులో ఉన్నాయి. కొనాలంతే.

ఇక్కడ మాత్రం ఏం బాగుంది? 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో మంటలకు తొమ్మిది మంది పోయారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నాక రాడార్లు వచ్చాయి, రోబోలు వచ్చాయి. శవాలు వెతకడానికి వచ్చే యంత్రాలు, మనుషులు లోపలికి పోకముందే ఎందుకు రావు? తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్ తిరగేసి సంతకం పెడతారు. గ్యాస్ మీటరు పనిచేస్తుందో లేదో ఒక్కసారి బటన్ నొక్కి చూసినవాళ్ళను నేను చూడలేదు.

మన పాలమూరు పిల్లలను గల్ఫ్‌కు పంపేముందు ఇచ్చే శిక్షణలో డిటెక్టర్‌ను చేతికిచ్చి నేర్పించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. చివరి కాలిబ్రేషన్ ఎప్పుడైందని అడిగిన తర్వాతే మూత మీద చెయ్యి వేయమని చెప్పాలి. మా తమ్ముడికి ఆ సంగతి పడిపోయాక తెలిసింది.

– ఒక పాఠకుడు, కల్వకుర్తి