మంటల బొమ్మ ముందు కూర్చున్న నీకు

చిట్టితల్లీ,

రేవు పట్నం తగలబడుతున్నట్టు వేసిన, సంతకం లేని పాత వర్ణచిత్రం ఒకటి శుభ్రం చేయడానికి నీ బల్ల మీదికి వచ్చిందన్నావు. వేసినవాడి పేరు తర్వాత వెతుకుదువు గానీ, ముందు ఏ ఊరు తగలబడుతోందో తేల్చుకో.

ముందు నీళ్లు చూడు. మంట వెలుగు అలల మీద తునకలుగా కాక, పలకలా పరుచుకుని ఉంటే అది మంచుగడ్డ కావచ్చు. అప్పుడు న్యూయార్క్‌ను అనుమానించు. 1835 డిసెంబరు 16 రాత్రి ఆ ఊరు తగలబడినప్పుడు పక్కనున్న ఈస్ట్ రివర్ నది గడ్డకట్టి ఉంది. మంచు పగలగొట్టి నీళ్లు తోడితే గొట్టాల్లోనే పేరుకుపోయాయి. వాయవ్యపు గాలి మంటను నదివైపు తోసింది. అంటే నదికి అవతలున్న బ్రూక్లిన్ ఒడ్డు నుంచి చూసినట్టు వేసిన బొమ్మలో పొగ మనవైపు రావాలి. అవతలికి పోతుంటే మరో ఊరిని వెతకాలి.

తర్వాత అగ్నిమాపక బండ్లు. భూతద్దం పెట్టి చూడు: నిలువు బాయిలరు, పైన పొగగొట్టం ఉంటే అది ఆవిరి పంపు. అవి వాడుకలోకి వచ్చింది 1850ల్లో. మనుషులు లాగుతున్నారు కదా అని పాతకాలం అనేయకు. 1872 నవంబరులో బోస్టన్ కాలినప్పుడు గుర్రాలకు అంటురోగం వచ్చి, ఆవిరి పంపుల్ని మనుషులే లాగారు.

రంగుల్ని మాత్రం అంతగా నమ్మకు. ఇలాంటివి చాలావరకు అచ్చు బొమ్మలు చూసి వేసినవి. నలుపు తెలుపు అచ్చులో ఎరుపు ఉండదుగా, ఆకాశం చిత్రకారుడి ఊహే. అందుకే గుమ్మటాలు, గోపురాలు, తెరచాప కొయ్యలు ఆనాటి అచ్చులతో పోల్చు. కుడి ఎడమలు తారుమారయ్యాయేమో కూడా చూడు.

ఇక శుభ్రం చేసే పని. అతినీలలోహిత దీపం కింద పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద నల్లటి మచ్చలు కనిపిస్తే తర్వాత ఎవరో పూసిన రంగు. మంటల మీద ఎర్రటి పలచని పూత వార్నిష్‌తో పాటే కరిగిపోవచ్చు. కాబట్టి మంట దగ్గర మొదలుపెట్టకు. అంచున, చట్రం కింద దాగే చోట వార్నిష్‌ను కరిగించే ద్రావకంలో ముంచిన చిన్న దూదిపుల్లను దొర్లించు, రుద్దకు. దూది పసుపెక్కితే వార్నిష్ వస్తోందన్నమాట. ఎరుపు కనిపించిందా, అక్కడే ఆపి, ద్రావకం మార్చు.

శనివారం ఫోన్ చేసినప్పుడు పొగ ఎటు పోతోందో ముందు చెప్పమ్మా.

నాన్న